కారం కూరతో రెడ్ వైన్ తాగితే నోరెందుకు మండుతుంది?

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ మిర్చితో వండిన మటన్ కూరతో నాసిక్‌లో తయారైన షిరాజ్ అనే రెడ్ వైన్ తాగితే నోరు మండిందని, వైన్ చేదుగా అనిపించిందని అడిగారు. తప్పు సీసాది కాదు, జోడీది. మిరపలోని క్యాప్సైసిన్ పుట్టించే మంటను ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది. దాని మీద రెడ్ వైన్‌లోని టానిన్ల వగరు మరింత గరుకుగా తగులుతుంది.

ఆ కూరకు కాస్త తీపి మిగిలిన శెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ తెచ్చుకోండి. నాసిక్‌లో ఇదీ బాగా తయారవుతుంది. ఆల్కహాల్ 12 శాతం దాటకుండా లేబుల్ చూసుకోండి. 8–10 డిగ్రీల చల్లదనంలో పోస్తే తీపి మంటను తగ్గిస్తుంది, పులుపు నూనె జిడ్డును విరుస్తుంది. షిరాజే కావాలంటే కారం సగం చేసి మాంసాన్ని నిప్పుల మీద కాల్చండి. కొవ్వూ ఉప్పూ వగరును మెత్తబరుస్తాయి.

రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలన్నది చలిదేశాల లెక్క, నాందేడ్ ఎండలకు పనికిరాదు. 35 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ ఘాటే ముందుకొస్తుంది. గంటకు పైగా ఫ్రిజ్‌లో పెట్టి 16–18 డిగ్రీలకు తెండి.

రుచి చూడటానికి గ్లాసులో 50 మిల్లీలీటర్లు చాలు. గ్లాసు తిప్పి వాసన చూడండి. తడి అట్టపెట్టె వాసన వస్తే కార్క్ వల్ల పాడైనట్టే. ఒక గుక్క ఐదారు సెకన్లు నోట్లో ఉంచి మింగండి, ఒక ముద్ద తినండి, మళ్లీ గుక్క వేయండి. జోడీ కుదిరిందో లేదో ఆ రెండో గుక్కలోనే తెలుస్తుంది. గోంగూర పచ్చడి మాత్రం ఆ పూటకు వద్దు. దాని పులుపు ముందు చాలా వైన్లు చప్పబడిపోతాయి.