పేరు చెప్పలేరు, చిల్లర వదలరు

ప్రశ్న: మా నాన్నగారు పొందూరులో కిరాణా కొట్టు నడిపేవారు. అయిదు నెలల క్రితం పక్షవాతం వచ్చి మాట పోయింది. అఫేసియా, అంటే మెదడు దెబ్బతిని భాష పోవడం, అన్నారు. పరీక్షలో పెన్ను, గడియారం, దువ్వెన చూపిస్తే ఒక్కదాని పేరూ చెప్పలేకపోయారు. ఇంట్లో మాత్రం కావలసింది ఎలాగో తెలియజేస్తారు. మొన్న పాలవాడు చిల్లర పది రూపాయలు తక్కువ ఇస్తే చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఏది నమ్మాలి మేడమ్?
— ఒక కుమార్తె, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రెండూ నమ్మండి అమ్మా. ఆ పరీక్ష చూసేది భాషను: పేర్లు గుర్తొస్తున్నాయా, విన్నది అర్థమవుతోందా అని. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అది కావాలి. కానీ పాలవాడి చెయ్యి పట్టుకున్నందుకు అందులో మార్కు లేదు. అలాంటివి చూడటానికి వేరే పరీక్షలున్నాయి. 1980లో అమెరికాలో ఆడ్రీ హాలండ్ తెచ్చిన పరీక్షలో డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు నటింపజేస్తారు. సైగ చేసినా సరే, విషయం చేరితే మార్కు పడుతుంది.

1989లో కెనడాలో వచ్చిన మరో పద్ధతిలో మార్కులు వేసేది ఇంటివాళ్లే. నొప్పి ఎక్కడో తెలపడం, నలుగురూ గబగబా మాట్లాడుతుంటే కలవడం లాంటివి 16 సందర్భాలు. ఒక్కోదానికి ఒక గీత. ఒక చివర ‘అసలు చేయలేరు’, రెండో చివర ‘జబ్బుకు ముందులాగే’. మీకు తోచిన చోట గుర్తు పెట్టాలి.

అయితే ఇంటివాళ్ల ప్రేమ కొలతను చెడగొడుతుంది. విజయనగరంలో ఒకావిడ, ‘మా ఆయనకు అన్నీ అర్థమవుతాయండీ’ అన్నారు. చెంబు తెమ్మంటే వెంటనే తెచ్చారాయన. నేను గమనించింది వేరు: నేను అడగగానే ఆవిడ చూపు చెంబు మీదికి పోయింది, ఆయన ఆ చూపునే పట్టుకున్నారు. ఆవిడను ఆయన వెనక నిలబెట్టి, కళ్లజోడు తెమ్మన్నాను. మళ్లీ చెంబే వచ్చింది.

అందుకే మీరూ చేత్తో, కంటితో సాయం చేయకుండా అడిగి చూడండి. ‘మన కొట్టు పొందూరులో ఉందా?’ అన్నాక కాసేపాగి ‘రాజాంలో ఉందా?’ అనండి. రెండింటికీ తలూపితే ఆ అవునును లెక్కలోకి తీసుకోవద్దు.

నెలకోసారి అవే గీతల మీద గుర్తులు పెట్టి, ఆ కాగితాలు స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. వీలైతే పాలవాడి చేత కూడా ఒక గుర్తు పెట్టించండి. పది రూపాయలు వెనక్కి ఇచ్చినవాడు కదా, దయతో మార్కులు వేయడు.