పలుగురాళ్ల మిల్లు దుమ్ము: చనిపోయిన కార్మికునికి పరిహారం ఎవరు కట్టాలి?

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర మాకు పలుగురాళ్లను పొడి చేసే చిన్న మిల్లు ఉంది. ఎన్నడూ ఎనిమిది మందికి మించి పనివాళ్లు లేరు. ఐదేళ్లు పనిచేసిన ఒకతను 2021 జనవరిలో మానేసి, 2023 మార్చిలో నలభయ్యో ఏట క్షయతో చనిపోయాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే వినేవాడు కాదు, బీడీలు బాగా తాగేవాడు. సొంత తమ్ముడిలా చూసుకుని వైద్యానికి యాభై వేలు ఇచ్చాను. అయినా 2025 ఫిబ్రవరిలో అతని భార్య పరిహారం కోసం కేసు వేసింది. పని మానేసి నాలుగేళ్లయింది కదా, గడువు దాటలేదా? పెద్దమనుషుల ముందు లక్ష ఇచ్చి స్టాంపు కాగితం రాయించుకుంటే సరిపోతుందా? అన్నట్టు, మా దగ్గరికి రాకముందు అతను ఆరేళ్లు మరో క్రషర్‌లో పనిచేశాడు.

జవాబు: పరిహారం కేసులు విచారించే కమిషనర్ తేల్చేది ఒక్కటే: అది కేవలం క్షయా, లేక పలుగురాళ్లలోని సిలికా దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు పట్టిన క్షయా? కొత్త సామాజిక భద్రతా స్మృతి వచ్చినా మరణం అంతకు ముందే జరిగింది కనుక 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే వర్తిస్తుంది. దాని మూడో షెడ్యూలు సి భాగంలో సిలికోసిస్‌తో (సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) పాటు, సిలికోసిస్ ముఖ్య కారణమైన క్షయ కూడా వృత్తి వ్యాధిగా ఉంది. మీరు పంపిన 2022 ఆగస్టు ఎక్స్‌రే రిపోర్టులో రెండు ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న గడ్డలున్నాయనీ, పక్కనే చేతిరాతతో ‘రాళ్ల మిల్లు పని’ అనీ ఉంది. మరణ ధ్రువపత్రంలో ‘క్షయ’ అని ఉన్నా, సిలికోసిస్‌ను సూచించే ఈ కాగితం ముందు అది ఒక్కటే నిలవకపోవచ్చు. నిర్ణీత కాలం ఆ పని చేసినట్టు ఆమె చూపిస్తే, జబ్బు పని వల్ల రాలేదని నిరూపించవలసింది మీరే. బీడీల మాట దానికి చాలదు. సన్నని సిలికా పొడిని గుడ్డ ఆపదు; పైగా మరణం సంభవించినప్పుడు, కార్మికుడు జాగ్రత్తలు పాటించలేదన్న వాదన చట్టప్రకారం చెల్లదు.

గడువు దాటలేదు. పని మానిన రెండేళ్లలోపే జబ్బు బయటపడింది, మరణించిన రెండేళ్లలోపే ఆమె కేసు వేసింది.

స్టాంపు కాగితం జోలికి మాత్రం పోవద్దు. మరణ పరిహారాన్ని కమిషనర్ వద్దే జమ చేయాలి. మూడు నెలల జీతానికి మించని ముందస్తు సొమ్ము తప్ప, నేరుగా ఇచ్చినది పరిహారం కింద లెక్కకు రాదు, హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. వైద్యానికి ఇచ్చిన యాభై వేలు కూడా ఇందులో తగ్గదు. పాత తేదీలతో హాజరు పుస్తకం రాయించవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, సివిల్ బాధ్యత కాస్తా క్రిమినల్ కేసవుతుంది.

ఐదేళ్లు ఒక మనిషిని దుమ్ములో నిలబెట్టి, చేరిన రోజు ఒక్క ఛాతీ ఎక్స్‌రే తీయించకపోవడం మీ నిర్లక్ష్యం. అది ఉండి ఉంటే అతను జబ్బుతోనే మీ దగ్గరికి వచ్చాడో లేదో తేలేది.

మీకు మిగిలిన గట్టి వాదన మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: అతను అంతకు ముందు ఆరేళ్లు మరో క్రషర్‌లో పనిచేశాడు. సి భాగం వ్యాధుల్లో యజమానులు ఒకరికి మించి ఉంటే, కమిషనర్ న్యాయమనుకున్న నిష్పత్తిలో అందరూ భరించాలని సెక్షన్ 3(2ఎ) చెబుతోంది. ఆ క్రషర్ జీతాల పుస్తకం, పీఎఫ్ వివరాలు, తోటి పనివాళ్ల సాక్ష్యం సేకరించి, ఆ యజమానిని కక్షిదారుగా చేర్చమని వెంటనే దరఖాస్తు పెట్టండి.

నెల జీతం 12,000 అనుకుంటే, అందులో సగాన్ని నలభై ఏళ్ల వయసు గుణకం 184.17తో హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపకపోతే 50 శాతం వరకు జరిమానా అదనం. కాబట్టి మీరు ఒప్పుకునే భాగాన్ని ఇప్పుడే జమ చేయండి. బీమా పాలసీలో వృత్తి వ్యాధులకు అదనపు ప్రీమియం కట్టారో లేదో చూసి, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఇప్పుడు మిల్లులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ నెలలోనే ఎక్స్‌రే తీయించి, ఫిల్ములను, రిపోర్టులను జాగ్రత్తగా దాచండి. ఎవరికైనా మచ్చలు కనబడితే ఆ రోజే అతన్ని దుమ్ము పని నుండి తప్పించండి.