123456789 ప్రైమ్ నంబరేనా?
కాదండి. అంకెలన్నీ కూడితే 45, అది 9తో పోతుంది కాబట్టి మొత్తం నంబరూ 9తో పోతుంది, ఇది మా ఒడిశా పర్లాకిమిడిలో బడిలో ఒడియా పణికియా (ఎక్కాలే), ఇంట్లో తెలుగు ఎక్కాలు రెండూ అప్పజెప్పే పిల్లలకి కూడా ఇట్టే అర్థమైపోతాది. 9తో భాగిస్తే 13717421, అది 3607 ఇంటూ 3803, ఆ రెండూ ప్రైములే, ఇంక విడగొట్టలేం. మొత్తం భాజకాలు 12.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం ఇంకోటుంది, దీన్ని 8తో గుణిస్తే 987654312, దానికి 9 కలిపారంటే 987654321, అంటే అంకెలు తిరగేసిన నంబరే వచ్చేస్తాది! క్యాలిక్యులేటర్ వద్దు, పెన్నుతో చేసి చూడండి, గుణించేప్పుడు చేతిలో మిగిలే అంకెలు ఒక్కోటి పక్క గడిలోకి పోతుంటే ఎంత బాగుంటాదో. తిరగేసిన నంబర్ని దీంతో భాగిస్తే శేషం 9, ఇది కూడా 9తో పోతుంది కాబట్టి ఆ రెండిటి గ.సా.భా. (రెండిటినీ భాగించే అతి పెద్ద నంబరు) కూడా 9 దగ్గరే ఆగిపోతుంది.