ప్రాగ్‌లో టికెట్ ఉన్నా ఫైన్ వేశారా? కారణం ఇదే

చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో ట్రామ్, మెట్రోలకు పనికొచ్చే 24 గంటల టికెట్ ఉన్నా ఫైన్ వేశారని, ఆ గొడవతో ప్రాగ్ కోట చూడలేకపోయానని మీరు రాశారు, చదివి బాధేసింది. మీ టికెట్ మీద స్టాంప్ పడి ఉండదు. ప్రాగ్‌లో కాగితం టికెట్ కొంటే చాలదు, స్టాంప్ పడ్డాకే అది చెల్లుతుంది.

1. ట్రామ్ ఎక్కగానే తలుపు దగ్గరి పసుపు మెషిన్‌లో, బాణం గుర్తున్న వైపు నుంచి టికెట్ పెట్టండి. తేదీ, టైమ్ పడ్డాయో లేదో చూసుకోండి.

2. మెట్రోలో అయితే కిందికి దిగకముందే స్టాంప్ వేయాలి. అక్కడ అడ్డుగేట్లు ఉండవు, అందుకే చాలామంది ఆ మెషిన్‌ను దాటేసి వెళ్లిపోతారు.

3. ఒక్కసారే. రెండోసారి వేస్తే టికెట్ చెల్లదు.

4. ట్రామ్ లోపల కార్డుతో కొన్నదానికి స్టాంప్ అక్కర్లేదు.

రేపు 22 నంబర్ ట్రామ్ ఎక్కి ‘ప్రాజ్‌స్కీ హ్రాద్’ స్టాప్‌లో దిగండి. కోట అక్కడినుంచి కొద్ది నడకే.