కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి ఫ్లమెంకో-జాజ్ తాళం ఎందుకు చిక్కదు?

దక్షిణ స్పెయిన్ సంగీతమైన ఫ్లమెంకోలో పేరొందిన పాకో దె లుసియా గిటారు వింటుంటే తోడి రాగపు ఛాయ తోస్తోందనీ, తాళం మాత్రం చేతికి అందడం లేదనీ, అమెరికా నల్లజాతివారి సంగీతరీతులైన జాజ్ లేదా బ్లూస్ కలిసిన చోట అయోమయం మరింత పెరుగుతోందనీ మీరు రాశారు. నేను చిన్నతనంలో విజయవాడలో ఏడేళ్లు మృదంగం నేర్చుకున్నాను. తరువాత ఉద్యోగరీత్యా స్పెయిన్‌లోని సెవిల్లా నగరంలో రెండేళ్లున్నప్పుడు, సాయంత్రపు తరగతులకు వెళ్లి ఫ్లమెంకో లయను కొంత అభ్యసించాను. మీకు ఎదురైన చిక్కే నాకూ ఎదురైంది కాబట్టి, అది ఎక్కడ విడిందో చెప్పగలను.

మీకు తోడి వినిపించడం భ్రమ కాదు. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచే స్వరస్థానాలు మన హనుమతోడి మేళానివే. అయితే ఫ్లమెంకో గిటారిస్టు చివరికి వచ్చి ఆగే తీగల మేళవింపులో (కార్డ్‌లో) సాధారణ గాంధారానికి బదులు దానికంటే ఒక మెట్టు పైనున్న అంతర గాంధారం పలుకుతుంది. అప్పుడు మనకు వకుళాభరణ రాగం గుర్తుకు వస్తుంది. పాడేవారి గొంతులో సాధారణ గాంధారం, గిటారు తీగల మీద అంతర గాంధారం పక్కపక్కనే నిలవడమే ఆ సంగీతంలోని ఘాటు. స్పెయిన్ జిప్సీల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వెళ్లినవారు కాబట్టి ఇది మన తోడియేనని కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు గానీ, ఆ వాదం నాకు రుచించదు. వారు స్పెయిన్ చేరింది 15వ శతాబ్దంలో. ఇప్పుడు మనం వింటున్న ఫ్లమెంకో 18, 19 శతాబ్దాలలో దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియా నేల మీద, అక్కడి అనేక జాతుల పాటల మధ్య రూపుదిద్దుకుంది.

అసలు చిక్కంతా తాళంలోనే ఉంది. అక్కడివారు తాళచక్రాన్ని కంపాస్ అంటారు (జ్యామితి పెట్టెలోని కంపాస్ కాదు). సోలెయా, బులెరియా అనే రీతులలో చక్రానికి 12 లెక్కలుంటాయి. ఊనిక 12, 3, 6, 8, 10 లెక్కల మీద పడుతుంది. అంటే 12 నుంచి మొదలుపెడితే మూడు, మూడు, రెండు, రెండు, రెండుగా నడుస్తుంది. మృదంగం నేర్చినవాడికి ఈ విభజన అరగంటలో అర్థమవుతుంది, నాకూ అయింది, అక్కడే మోసపోయాను. మృదంగం వచ్చునని చెప్పగానే మా గురువు నా చేతికి కహోన్ ఇచ్చారు. అది మనిషి పైన కూర్చుని ముందు పలకను చేతులతో వాయించే చెక్కపెట్టె. ఒక సాయంత్రం నేను మూడుసార్లు తిరిగే ఒక తీర్మానాన్ని (ముగింపు అల్లికను) లెక్కవేసి, సరిగ్గా 12 మీద, అంటే నా దృష్టిలో సమం (తాళచక్రం మొదలయ్యే దెబ్బ) మీద, దింపాను. గిటారిస్టు తన వాక్యాన్ని 10 మీదనే ముగించి ఊరకున్నాడు. నా చివరి దెబ్బ ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా పడింది. లెక్కలో తప్పు లేదు, కానీ ముగింపు స్థానం తప్పు. ఫ్లమెంకోలో వాక్యం 10 మీద మూతపడుతుంది. 11, 12 ఊపిరి పీల్చుకోవడానికి, తరువాతి వాక్యానికి సిద్ధం కావడానికి. ఆ తరువాత రెండు నెలలు ఆయన నన్ను కహోన్ ముట్టనివ్వలేదు. పాల్మాస్, అంటే చప్పట్లు మాత్రమే కొట్టించారు. మీరు కూడా ఏ వాద్యమూ వినకుండా, కేవలం చప్పట్లతో పదేసి నిమిషాలు 10 మీద ఆగడం అలవాటు చేసుకోండి.

ఈ చప్పట్లు చేతికి వచ్చాక జాజ్ కలిసిన రచనలను ఒక కొలబద్దతో వినవచ్చు: కంపాస్ నిలిచిందా, కేవలం స్వరాల రంగు మాత్రమే అరువు తెచ్చుకున్నారా? జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్, సంగీత సంయోజకుడు గిల్ ఎవాన్స్ కలిసి 1960లో వెలువరించిన ‘స్కెచెస్ ఆఫ్ స్పెయిన్’ నాకు చాలా ఇష్టమైన ఆల్బమ్. అయినా అది దూరం నుంచి చూసి గీసిన చిత్రమేననిపిస్తుంది. అందులోని ప్రధాన రచనకు ఆధారం స్పెయిన్ శాస్త్రీయ స్వరకర్త రోద్రీగో గిటారు, ఆర్కెస్ట్రాల కోసం రాసిన సంగీతమే తప్ప ఫ్లమెంకో కాదు.

జాజ్ వాద్యకారులకు స్వరాల వైపునా ఒక అడ్డంకి ఉంది. ఫ్లమెంకోలో ఎ మైనర్, జి, ఎఫ్, ఇ అనే మేళవింపుల వరుసలో దిగివచ్చి ఇ మీద విశ్రమిస్తారు. జాజ్ చెవికి ఆ ఇ విశ్రాంతిగా కాక, మళ్లీ ఎ మైనర్‌కు చేరవలసిన మెట్టుగా వినిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇది గ్రహభేదం: నటభైరవిలో పంచమాన్ని షడ్జంగా తీసుకుంటే తోడి వస్తుంది, ఒకరు తోడిలో ఇల్లు కట్టుకుని కూర్చుంటే, మరొకరు నటభైరవికి తిరిగి రమ్మని పిలుస్తున్నట్లుంటుంది. ఇబ్బంది రెండు వైపులా ఉండేది. జాజ్ గిటారిస్టులు జాన్ మెక్‌లాఫ్లిన్, ఆల్ డి మియోలాలతో వాయించడం మొదలుపెట్టినప్పుడు మారే తీగల మేళవింపులపై అప్పటికప్పుడు అల్లడం తనకు ఎంతో కష్టమైందని పాకో దె లుసియాయే చెప్పుకున్నారు. ఆ ముగ్గురూ 1980 డిసెంబరు 5న శాన్ ఫ్రాన్సిస్కోలో చేసిన కచేరీ రికార్డు వేగానికి ప్రసిద్ధి. నాకు మాత్రం అంతకంటే పాకో సొంత సెక్స్‌టెట్ (ఆరుగురి బృందం) ముఖ్యమైనది. అందులో హోర్హె పార్దో వేణువు, సాక్సఫోన్, కార్లెస్ బెనవెంత్ బేస్ గిటారు, రూబెమ్ దాంతాస్ లయవాద్యాలు వాయించారు. సోలో వంతులు, బేస్ గిటారు జాజ్ నుంచి వచ్చాయి గానీ, కంపాస్ ఎక్కడా సడలలేదు. ఇప్పుడు ఫ్లమెంకోకు ఆదినుంచీ ఉన్నదనిపించే కహోన్ నిజానికి పెరూ దేశపు ఆఫ్రికా సంతతివారిది. పాకో, రూబెమ్ దాంతాస్‌లే దాన్ని ఫ్లమెంకోలోకి తెచ్చారు.

బ్లూస్ సంగతి వేరు. దానిలోనూ రెండు గాంధారాలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి కాబట్టి గొంతుల మధ్య చుట్టరికం వెంటనే కుదురుతుంది. పన్నెండు బార్ల (ఆవర్తాల) బ్లూస్‌లో బారుకు నాలుగు చొప్పున 48 లెక్కలు. అవి సరిగ్గా నాలుగు కంపాస్‌లకు సరిపోతాయి. కాగితం మీద అందంగా కనిపించే ఈ లెక్క చేతుల్లోకి వచ్చేసరికి ఊనికలు కలవక ఇబ్బంది పెడుతుంది. సెవిల్లాకు చెందిన రైముందో, రఫాయెల్ అమదోర్ సోదరుల పాతా నెగ్రా బృందం 1987లో తెచ్చిన ‘బ్లూస్ దె లా ఫ్రొంతెరా’లో ఆ కూడికల జోలికి పోకుండా బులెరియా నడక మీద ఎలక్ట్రిక్ గిటారుతో బ్లూస్ పలికించారు. రైముందో 1995 నాటి ‘గెరుందీనా’ ఆల్బమ్‌లో అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ స్వయంగా వాయించారు.

మొదలుపెట్టడానికి 1973లో వచ్చిన పాకో రచన ‘ఎంత్రె దోస్ అగ్వాస్’ మంచిది. అది నాలుగు లెక్కల రుంబా కాబట్టి తాళం చేతికి వెంటనే దొరుకుతుంది. తరువాత జాజ్ వాద్యకారుడు చిక్ కొరియా పియానోతో ఉన్న పాకో 1990 నాటి ఆల్బమ్ ‘జిర్యాబ్’ వినండి. కాదిస్‌లో పుట్టిన పియానిస్టు చానో దొమింగెస్ 2012లో తెచ్చిన ‘ఫ్లమెంకో స్కెచెస్’ను చివరికి ఉంచండి. అందులో మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రచనలున్నాయి. ముందు మూలాన్ని విని, అదే రచనను చానో చేతిలో వింటూ చప్పట్లు కొట్టండి. మీ చేయి 10 దగ్గర దానంతట అదే ఆగితే, ఇక్కడికి వచ్చి చెప్పండి.