ప్రకటనలో ఒక ఇల్లు, తాళం తీస్తే మరో ఇల్లు

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఇంటర్నెట్‌లో ఒక ఏజెంటు పెట్టిన ప్రకటన చూసి, హైదరాబాద్ శివార్లలో కడుతున్న పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు బుక్ చేశాము. 1,650 చదరపు అడుగులు, తూర్పు ముఖం, రెండు కవర్డ్ కార్ పార్కింగులు, మంజీరా నీటి కనెక్షన్, క్లబ్‌హౌస్ అని ప్రకటనలోనూ, బిల్డర్ ఇచ్చిన బ్రోచర్‌లోనూ ఉంది. ధర 92 లక్షల రూపాయలు కాగా, బ్యాంకు రుణంతో కలిపి 80 లక్షలు చెల్లించాము. భవనంలో నివసించవచ్చని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చింది, రిజిస్ట్రేషన్‌కు రమ్మంటున్నారు. వెళ్లి చూస్తే సింహద్వారం పడమరకు ఉంది, ఒక పార్కింగు ఆరుబయట ఉంది, నీళ్లు బోరువీ ట్యాంకరువీ, క్లబ్‌హౌస్ అన్నచోట ఒక ఖాళీ గది ఉంది. ఇంటి లోపల కొలిస్తే 1,080 చదరపు అడుగులే తేలింది. అడిగితే, బ్రోచర్ ఊహాచిత్రమేననీ, అగ్రిమెంట్‌లో లేనిదాన్ని అడగకూడదనీ అంటున్నారు. మాకు దారి ఏమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బ్రోచర్‌కు విలువ లేదన్న బిల్డర్ మాటను మీరు నమ్మనక్కర్లేదు. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016, అంటే మనం రెరా అని పిలుచుకునే చట్టం, తన 12వ సెక్షన్‌లో సరిగ్గా మీ పరిస్థితి గురించే మాట్లాడుతుంది. ప్రకటననో, బ్రోచర్‌నో, నమూనా ఫ్లాటునో నమ్మి అడ్వాన్సు ఇచ్చిన వ్యక్తికి, అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టం జరిగితే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. ఆ ఇల్లే వద్దనుకుంటే, చెల్లించిన మొత్తాన్ని వడ్డీతోనూ పరిహారంతోనూ తిరిగి ఇవ్వాలి. అగ్రిమెంట్‌లో ఏకపక్షంగా రాసుకున్న షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని సుప్రీంకోర్టు 2019లో ఒక ఫ్లాటు కేసులో స్పష్టంగా చెప్పింది కూడా.

అయితే మీ ఫిర్యాదులు అన్నీ ఒకే బలం ఉన్నవి కావు. అన్నింటినీ ఒకే మూటగా కట్టి పట్టుకెళితే బలహీనమైనది బలమైనదాన్ని కూడా కిందికి లాగుతుంది కాబట్టి, వాటిని విడివిడిగా చూద్దాము.

విస్తీర్ణం విషయంలో మీరు అనుకున్నంత మోసం జరిగి ఉండకపోవచ్చు. 1,650 అన్నది బహుశా సూపర్ బిల్టప్ ఏరియా, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వాటాను కూడా కలిపి చెప్పిన లెక్క. చట్టం గుర్తించేది కార్పెట్ ఏరియాను. బయటి గోడలు, మీ బాల్కనీ, సర్వీసు షాఫ్టులు తీసేసి, లోపలి అడ్డుగోడలను మాత్రం కలుపుకొని లెక్కించే స్థలం అది. కాబట్టి మీరు పోల్చవలసింది 1,650తో కాదు, అగ్రిమెంట్‌లో రాసిన కార్పెట్ ఏరియాతో. అక్కడ 1,150 అని ఉండి కొలతలో 1,080 వస్తే, తగ్గిన 70 అడుగులకు మీ దగ్గర ఎక్కువగా తీసుకున్న సొమ్మును వడ్డీతో సహా రాబట్టవచ్చు. కొలత మాత్రం మీరు టేపు పట్టి తీసినది కాక, లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత తీయించి సంతకంతో నివేదిక తీసుకోండి.

పార్కింగు విషయంలో మీ బలం ఎక్కువ. రెరా నిర్వచనం ప్రకారం ఆరుబయటి పార్కింగు అందరి ఉమ్మడి ఆస్తి. దాన్ని బిల్డర్ ఒకరికి విడిగా అమ్మడానికే వీల్లేదు. పైగా ప్రాజెక్టును రిజిస్టరు చేసేటప్పుడు ఎన్ని ఫ్లాట్లు, ఒక్కొక్కటి ఎంత కార్పెట్ ఏరియా, అమ్మకానికి ఎన్ని గ్యారేజీలు అన్నది బిల్డరే రెరాకు లెక్క ఇవ్వాలి. తెలంగాణ రెరా వెబ్‌సైటులో మీ ప్రాజెక్టు పేజీ తెరిచి, ఆ సంఖ్యలను ప్రింటు తీసుకోండి. ఫ్లాట్ల సంఖ్యకూ పార్కింగుల సంఖ్యకూ పొంతన కుదరకపోతే, మీ కేసుకు అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

మంజీరా కనెక్షన్ విషయంలో హైదరాబాద్‌కు నీళ్లు సరఫరా చేసే జలమండలికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి, ఈ భవనానికి కనెక్షన్ కోసం దరఖాస్తు వచ్చిందా, వస్తే ఏ తేదీన వచ్చిందో అడగండి. దరఖాస్తే పెట్టకుండా కనెక్షన్ ఉందని ప్రకటించినట్టు తేలితే, బిల్డర్ చెప్పుకోవడానికి సాకు మిగలదు. క్లబ్‌హౌస్‌కు మంజూరైన ప్లానులో స్థలం చూపించి ఉంటే, కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి లేకుండా ఆ ప్లానును మార్చడం 14వ సెక్షన్‌కు విరుద్ధం.

ఇక తూర్పు ముఖం. మన వాళ్లు ఇల్లు కొనేది ముందు ద్వారం చూసి, తరువాతే ధర చూసి అన్నది నాకు తెలియనిది కాదు. కానీ అగ్రిమెంటుకు జతచేసిన ప్లానులో ఉత్తర దిక్కును చూపే బాణం ఉండి, ద్వారం పడమరకే గీసి ఉండి, దాని కింద మీరు సంతకం చేసి ఉంటే ఈ ఒక్క అంశం మీద గట్టిగా పట్టుబట్టకండి. ప్లానులోనూ తూర్పే ఉండి, కట్టడంలో మారితే అది వేరే సంగతి.

ఇప్పుడు మీరు చేయవలసిన పనికి వద్దాము. కోపంతో మిగిలిన 12 లక్షలు ఆపేయకండి. గడువు దాటిన వాయిదాల మీద కొనుగోలుదారు కూడా వడ్డీ కట్టాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన రెండు నెలల్లో స్వాధీనం చేసుకోవాలని కూడా అదే సెక్షన్ అంటుంది. అందుచేత ముందుగా ప్రకటనకూ ఇంటికీ ఉన్న తేడాలను ఒక్కొక్కటిగా రాసి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఇల్లు ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది రిజిస్ట్రేషన్‌కు ముందే తేల్చుకోండి. ఉంచుకుంటే, మీ హక్కులను వదులుకోకుండానే స్వాధీనం చేసుకుంటున్నామని లేఖ రాసి ఇవ్వండి. సేల్ డీడ్ మీద సంతకం చేసినంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదని 2020 ఆగస్టులో బెంగళూరు ఫ్లాట్లకు సంబంధించిన తీర్పులో సుప్రీంకోర్టు చెప్పినప్పటికీ, లేఖ చేతిలో ఉండడం మేలు.

డబ్బు వాపసు, వడ్డీ కావాలంటే రెరా అథారిటీ దగ్గరికి, నష్టపరిహారం కావాలంటే అదే సంస్థలోని అడ్జుడికేటింగ్ అధికారి దగ్గరికి వెళ్లాలని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణలో వాపసు సొమ్ముపై వడ్డీని స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్ రేటుకు, అంటే బ్యాంకు తన రుణాల వడ్డీకి ఆధారంగా పెట్టుకునే రేటుకు, 2 శాతం కలిపి లెక్కిస్తారు. వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉంది. మీరు చెల్లించినది 50 లక్షలకు పైన, 2 కోట్లకు లోపు కాబట్టి అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి వస్తుంది, కారణం తలెత్తిన నాటినుంచి రెండేళ్లలో వెళ్లాలి. ఒకే పరిహారం కోసం రెండు చోట్లకూ వెళ్లడానికి మాత్రం వీల్లేదు. మీ ఆధారాలన్నీ ప్రాజెక్టు పత్రాలలోనే ఉన్నందున నేనైతే రెరాకే వెళ్లమంటాను.

ఏజెంటును కూడా వదలకండి. లేని సౌకర్యాన్ని ఉన్నట్టు చెప్పిన ఏజెంటుకు 10వ సెక్షన్‌ను ఉల్లంఘించినందుకు రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ఆ సొమ్ము మీ చేతికి రాదన్నది వేరే మాట.

ప్రశ్న: విజయవాడలో ఒక యజమాని దగ్గర నేరుగా పాత ఇల్లు కొన్నాను. పెంట్‌హౌస్‌తో సహా మొత్తం ప్లాను ప్రకారమే కట్టినట్టు ఆయన ప్రకటనలో రాశారు. పై అంతస్తుకు అనుమతి లేదనీ, నాకు అమ్మకముందే ఆయనకు కార్పొరేషన్ నోటీసు వచ్చిందనీ ఇప్పుడు తెలిసింది. రెరాకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వెళ్లలేరు. సొంత ఇంటిని అమ్ముకున్న వ్యక్తి మీద రెరా గానీ, వినియోగదారుల కమిషన్ గానీ పనికిరావు. మీది సివిల్ కోర్టు దారి. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. దాచడాన్ని చట్టం మోసంగానే పరిగణిస్తుంది.

మున్సిపల్ ఆఫీసులో ప్లాను అడిగి చూసుకోవలసిందని ఆయన లాయరు వాదిస్తారు. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఆ వాదనకు చోటు ఉన్నది, అయితే అది అమ్మేవాడు మౌనంగా ఊరుకున్నప్పుడు, లేదా తానే పొరబడి చెప్పినప్పుడు. నోటీసు చేతిలో పెట్టుకొని అంతా ప్లాను ప్రకారమేనని రాసిన వాడు మౌనంగా ఊరుకోలేదు, తెలిసి అబద్ధమాడాడు. అందుకే ఆ ప్రకటన ప్రతి, నోటీసు తేదీ, మీ కేసులో ప్రాణం లాంటివి. నోటీసు నకలును కార్పొరేషన్ నుంచి తీసుకోండి.

సేల్ డీడ్ రద్దు కోరాలంటే విషయం తెలిసిన నాటినుంచి మూడేళ్లు గడువు. ఇల్లు ఉంచుకొని నష్టపరిహారం మాత్రమే కోరడం చాలామందికి మెరుగైన దారి. మీ దస్తావేజు చివరి పేజీలు ఒకసారి చదవండి. ఏ విధమైన వివాదాలు వచ్చినా నా సొంత ఖర్చులతో పరిష్కరించగలవాడనని మన రైటర్లు అలవాటుగా రాసే వాక్యం అక్కడ ఉంటే, అది మీకు అదనపు బలం. రద్దు కోరే ఉద్దేశం ఉంటే మాత్రం, ఈలోగా ఆ ఇంటికి మరమ్మతులు చేయించడం, అద్దెకివ్వడం వంటివి చేయకండి. అమ్మకాన్ని మీరు ఒప్పుకున్నట్టు అర్థం తీస్తారు.

ప్రశ్న: మేము ఫిర్యాదు చేస్తామనగానే ప్రకటనను వెబ్‌సైటు నుంచి తీసేశారు. నా ఫోనులో స్క్రీన్‌షాట్లు మాత్రమే ఉన్నాయి. చెల్లుతాయా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: చెల్లుతాయి, కానీ ప్రింటు తీసి ఇస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఏ ఫోనుతో, ఎలా తీశారో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, మరొక భాగం నిపుణుడు నింపాలి. అసలు ఫోనును అమ్మవద్దు, మార్చవద్దు, ఆ చిత్రాలను కత్తిరించవద్దు. ఏజెంటు వాట్సాప్‌లో ఆ లింకు పంపి ఉంటే ఆ సంభాషణను కూడా అలాగే ఉంచండి.