'ఆటపట్టించడం' అనే మాట గురించి

విజయవాడ, గాంధీనగర్

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సినీతారల మీద ప్రాంకులు చేసేవాళ్ల గురించి రాయాలనుకోవడం మంచి పని, వాక్యం మీద నీకు పట్టు కూడా ఉంది. అయితే 2014 నాటి కాన్ చిత్రోత్సవం దగ్గరికి వచ్చేసరికి 'నటిని ఆటపట్టించాడు' అని రాసి ముందుకు వెళ్లిపోయావు. అక్కడ జరిగింది అది కాదు నాయనా. అమెరికా ఫెరేరా అనే నటి తోటి నటులతో కలిసి ఫొటోలకు నిలబడి ఉండగా, ఒక మగవాడు నేలమీద పాకుతూ వచ్చి ఆమె గౌను కింద దూరాడు. 'దూరాడు' అంటే ఆమెకు జరిగింది పాఠకుడికి కనిపిస్తుంది, 'ఆటపట్టించాడు' అంటే అతని సంబరమే మిగులుతుంది.

అదే మనిషి 2016 సెప్టెంబరులో మిలాన్ వీధిలో మోడల్ జిజి హదీద్‌ను వెనకనుంచి పట్టుకుని పైకెత్తాడు. ఆమె మోచేత్తో కొట్టి విడిపించుకుంది. ఆ వెంటనే ఒక పత్రిక శీర్షికలో అతను అభిమాని అయిపోయాడు, ఆమె దురుసు మనిషి అయిపోయింది. తనను తాను కాపాడుకునే హక్కు తనకుందని ఆమే చెప్పుకోవలసి వచ్చింది. 2012లో మాస్కోలో ఇతనే హాలీవుడ్ నటుడు విల్ స్మిత్‌ను ముద్దుపెట్టుకోబోయి చెంపదెబ్బ తిన్నాడు. ఆ దెబ్బకు స్మిత్‌ను సంజాయిషీ అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు.

జాతి సంగతిని నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. 2012 డిసెంబరులో ఇద్దరు ఆస్ట్రేలియా రేడియో వ్యాఖ్యాతలు బ్రిటన్ రాణి, యువరాజు చార్లెస్‌ల గొంతులు అనుకరిస్తూ, రాణి మనవడి భార్య, గర్భవతిగా ఉన్న కేట్ మిడిల్టన్ చేరిన లండన్ ఆసుపత్రికి ఫోను చేశారు. తెల్లవారుజామున ఆ ఫోను ఎత్తి, నిజమని నమ్మి వార్డుకు కలిపింది మంగళూరు ప్రాంతం నుంచి వెళ్లిన నర్సు. ఆ రికార్డింగు విని లోకమంతా నవ్వింది. మూడు రోజులకు, ఇద్దరు పిల్లల తల్లి అయిన ఆమె ప్రాణం తీసుకుంది. ఆమె రంగు చూసి చేశారని నేననను, వాళ్లకు ఆమె ఎవరో కూడా తెలియదు. కానీ పేరున్నవాళ్ల చుట్టూ కాపలా ఉంటుంది, వాళ్ల గుమ్మం దగ్గర ఫోను ఎత్తే పనిలో ఉన్న పరాయి దేశపు ఆడమనిషికి ఏ కాపలా ఉంటుంది? నీ వ్యాసం నిలబడవలసిన చోటు అదే.

ఈ వీడియోలు చూసి పెరిగిన కుర్రాళ్లు మన మధ్యనే ఉన్నారు. నిరుడు గుంటూరు బస్టాండులో నలుగురు పిల్లలు, ఇక్కడ చదువుకుంటున్న ఒక ఆఫ్రికా అమ్మాయి వెనక చేరి, ఆమె సన్నజడల్లో ఒకదాన్ని లాగి చూసి, ఎదురుగా సెల్‌ఫోను పట్టుకుని 'ప్రాంక్ అక్కా, నవ్వు' అన్నారు. ఆమె నవ్వలేదు. సంచిని రెండు చేతులా గుండెకు అదుముకుని, బస్సు వచ్చేదాకా స్తంభానికి వీపు ఆనించి నిలబడింది. నేను పది అడుగుల దూరంలో ఉండి ఏమీ అనలేదు, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

నీ వ్యాసం చదివాక ఆనాటి నా డైరీ తీసి చూశాను. 'కుర్రాళ్లు ఎవరో అల్లరి చేశారు' అని ఉంది. అల్లరి అన్న మాట కొట్టేసి, జడ పట్టుకుని లాగారని రాశాను. కాన్ పేరా నువ్వు మళ్లీ రాసి పంపు.